వంశపత్రములో లేని చూపు

సూర్యాపేట నుండి విజయవాడ వైపు సాగిపోవు జాతీయ రహదారిపై, చివ్వెంల మండలములోని దురాజుపల్లి వద్ద, పెద్దగట్టుపై వెలసిన లింగమంతులస్వామికి రెండేండ్లకొకసారి మాఘమాసమున జరుగు జాతర తెలంగాణమున మేడారము జాతర తరువాత అంతటి పేరుగన్నది. గొల్లగట్టు అను రెండవ పేరే చెప్పుచున్నట్లు, ఆ దినములలో 'ఓ లింగా' యని కేకలు వేయుచు గుట్టనెక్కు జనసమూహములో గొఱ్ఱెల కాపరులది అగ్రస్థానము. పశువుల సంతానమును గూర్చి ఈ కాపరులకు తరతరములుగా తెలిసిన సంగతి యొకటి కలదు: మందలో పుట్టిన పొట్టేలునే మరల ఆ మందకు విత్తనముగా నుంచరాదు, కొన్ని ఏండ్లకొకమారు దానిని మార్చి, పొరుగు మందనుండి క్రొత్త పొట్టేలును తెచ్చుకొనవలెను. ఎందుచేతనని అడిగినచో, పిల్లలు బక్కపడుననియు, మందకు చేవ తగ్గుననియు చెప్పుదురే గాని, జన్యువనియు వాహకమనియు వారు పలుకరు. ఇదే ప్రాంతమున, సూర్యాపేట కోదాడ పట్టణములలోని మేడలయందును, మిర్యాలగూడ రైసుమిల్లుల ఆవరణలయందును పెరుగుచున్న లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు, పామరేనియనులు ఏ సూత్రమునుబట్టి పుట్టుచున్నవని విచారించినచో, అక్షరము రాని కాపరి ఏనాడో మానుకొన్న పనినే అన్నియు తెలిసినవారు నేడు విలువకట్టి చేయుచున్నారని తేలును. ఆ పని ఫలితములలో మిక్కిలి నిశ్శబ్దముగా వచ్చునది కంటి జబ్బు. దానిని గూర్చి నూఱేండ్లకు పైగా లోకమున జరిగిన పరిశోధనను, ఆ పరిశోధన చేతికిచ్చిన జన్యుపరీక్షల బలాబలములను, మన ప్రాంతమున వాని యవసరమును ఇచ్చట సమీక్షింపదలచితిని.

శునకములకు వంశక్రమమున సంక్రమించు నేత్రవ్యాధులు అనేకములు. శుక్లము, కటకము తన స్థానమునుండి తొలగిపోవుట, నీటికాసులు, కాలీ జాతివానికి పుట్టుకతో వచ్చు లోపము మొదలగునవి అందులోనివే. వీనిలో ప్రధానమైనది దృష్టిపటలము క్రమక్రమముగా క్షీణించు రోగము. పశువైద్యులు దీనిని పి.ఆర్.ఎ. అను పొడి అక్షరములతో వ్యవహరింతురు. మనుష్యులలో రెటినైటిస్ పిగ్మెంటోజా యనబడు జబ్బునకు ఇది తోబుట్టువు. దృష్టిపటలమునందు మసక వెలుతురులో పనిచేయు దండకణములును, పగటి వెలుతురునకును రంగులకును అక్కరకువచ్చు శంకుకణములును ఉండును. సాధారణముగా ముందు చచ్చునవి దండకణములు. అందుచేత రోగము రేచీకటితో మొదలగును. పగలంతయు చురుకుగా తిరుగుచుండిన కుక్క సంజచీకటి వేళ గడప దగ్గర ఆగిపోవును. అలవాటైన మెట్లను ముందుకాలితో తడవి చూచి గాని దిగదు. కరెంటు పోయినప్పుడు యజమాని కాలికి ఒరిగి నిలుచును. ఇల్లంతయు దానికి కంఠపాఠము గనుక, ముక్కును చెవులును కంటికి బదులుగా నడిపించును గనుక, ఇంటివారికి అనుమానమే తట్టదు. ఏదో ఒకనాడు మంచము జరిపినప్పుడో, క్రొత్త ఇంటికి మారినప్పుడో, అది గోడకు కొట్టుకొన్న పిమ్మట గాని, దాని చూపు ఏడాదిక్రిందటనే పోయినదని తెలియదు.

ఈ రోగములో ఒక విపరీతము కలదు. రాత్రివేళ మోటారు దీపములు పడినపుడు కుక్క కన్నులు పచ్చగానో పసుపుగానో మెఱయుటకు కారణము దృష్టిపటలము వెనుకనుండు టపీటమ్ అను కాంతిని మరలించు పొర. ముందున్న పటలము బలముగా నున్నంతకాలము అది వెలుతురులో కొంత తాను గ్రహించును. పటలము పలుచబడిన కొలదిని గ్రహించువారు లేక, వచ్చిన వెలుతురంతయు తిరిగి బయటికి పోవును. చూపు పోవుచున్న కన్ను చూపున్న కన్నుకంటె ఎక్కువగా వెలుగును! వైద్యుడు కనుపాపను విప్పార్చు మందుచుక్కలు వేసి, అరగంట ఆగి, చీకటిగదిలో తలకు దీపమును చేతికి కటకమును ధరించి చూచునపుడు వెదకు చిహ్నములలో ఈ అతికాంతి యొకటి, సన్నబడిన రక్తనాళములు మరియొకటి. దీనికి నమ్మదగిన చికిత్స లేదు. అందువలననే పుట్టకముందే నివారించు మార్గము ఇంతటి చర్చకు వస్తువైనది.

ఈ చర్చ నేటిది కాదు. స్వీడను దేశమున గార్డన్ సెట్టర్ కుక్కలలో ఈ వ్యాధిని మాగ్నుసన్ అను శాస్త్రజ్ఞుడు 1911లో వర్ణించెను. ఆయన తన వ్యాసమునకు పెట్టిన పేరులోనే దృష్టిపటల వ్యాధిని రక్తసంబంధముతో ముడిపెట్టుట గమనింపదగినది. సమస్య యొక్క మూలము ఆనాడే చేతికి చిక్కినదన్నమాట. అయినను అటు తరువాత దశాబ్దములపాటు కుక్కల పెంపకందార్లు దానిని పట్టించుకొనలేదు. బ్రిటనులో ఐరిష్ సెట్టరు జాతి గ్రుడ్డిదగుచున్నదని గగ్గోలు పుట్టిన పిమ్మట అచ్చటివారు ఒక కఠినమైన ఉపాయము చేసిరి: అనుమానముగల కుక్కను తెలిసి తెలిసి గ్రుడ్డికుక్కతో జతపరచి పిల్లలను పరీక్షించుట. అనుమానింపబడినది వాహకమైనచో పిల్లలలో సగము గ్రుడ్డివగును. ఆరు పిల్లలు పుట్టి ఒక్కటియు గ్రుడ్డిది కానిచో, అది వాహకమై యుండియు ఆ విధముగా తప్పించుకొను అవకాశము 64లో ఒకటి మాత్రమే. ఐరిష్ సెట్టరులో ఈ రోగము పుట్టిన కొలది వారములకే బయటపడి, ఏడాది నిండునప్పటికి చూపును హరించును గనుక ఈ పరీక్ష సాధ్యమైనది. కాని దాని ఖరీదు గ్రుడ్డిపిల్లలు. ఆ క్రౌర్యమును తప్పించినది 1993వ సంవత్సరము. పి.డి.ఇ.6బి యను జన్యువులో ఒక్క అక్షరము మారుటచేత ఒక మాంసకృత్తు నిర్మాణము నడుమనే ఆగిపోవుచున్నదని ఆ యేట తేలెను. పిల్లలను పుట్టించి చూడనక్కరలేకుండ, కొలది రక్తముతో తల్లిదండ్రుల గుట్టును తెలిసికొనుటకు అప్పటినుండి వీలు కలిగెను.

ఇచ్చట వంశసంక్రమణపు లెక్కను కొంచెము నిదానముగా చూడవలెను. పెంపకందారుల కలహములన్నియు ఈ లెక్క తెలియకనే పుట్టుచున్నవి. పి.ఆర్.ఎ. రకములలో అత్యధికము అంతర్గత లక్షణములు. అనగా తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు దోషజన్యువులు కలిసినప్పుడే రోగము వచ్చును. ఒక్కటి మాత్రమే గలది వాహకము. దాని చూపునకు ఏ లోపము నుండదు. వాహకమును వాహకముతో కలిపినచో సగటున నాలుగింట ఒక పిల్ల రోగి, రెండు వాహకములు, ఒకటి నిర్దోషి. వాహకమును నిర్దోషితో కలిపినచో ఒక్క రోగియు పుట్టదు. సగము పిల్లలు వాహకములగును. ఇక జాతి మొత్తములో దోషజన్యువు పదింట ఒకటిగా నున్నదనుకొందము: అప్పుడు రోగులు నూటికొకటి మాత్రమే, వాహకములు నూటికి 18. కంటికి కనబడు ఒక్క రోగి వెనుక కనబడని పదునెనిమిది కుక్కలున్నవి. రోగము కనబడిన కుక్కను మాత్రమే సంతానమునుండి తొలగించుచు కూర్చున్నవాడు ఎన్ని తరములకును దానిని తుదముట్టింపలేకపోవుట ఇందుచేతనే.

లాబ్రడార్ విషయమున చిక్కు మరింత ముదురును. మన పట్టణములలో మిక్కిలి మక్కువతో పెంచుకొనుచున్న ఈ జాతికిని, కాకర్ స్పేనియల్, పూడిల్ మొదలగు మరి పెక్కు జాతులకును సాధారణమైన రకము పి.ఆర్.సి.డి. యనబడునది. లాబ్రడారులో ఇది సామాన్యముగా నడివయస్సున గాని బయటపడదు; ఆనాటికి ఆ కుక్క రెండు మూడు ఈతలకు తల్లియో, పది ఇండ్ల పిల్లలకు తండ్రియో అయియుండును. బ్రిటనులో పశువైద్య సంఘమును కెనెల్ క్లబ్బును 1966లో కలిసి మొదలిడిన నేత్రపరీక్షా పథకమును, అమెరికాలో 1974లో వెలసిన నేత్రపరీక్షల నమోదు సంస్థయు ఎంతో మేలు చేసినను, ఇట్టి ఆలస్యరోగముల ముందు వైద్యుని కన్ను చాలకపోయెను. 2006లో ఈ దోషము యొక్క జన్యుమూలము దొరకెను. పి.ఆర్.సి.డి. జన్యువులో ఒకే ఒక అక్షరము మార్పు! ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, ఆ పరిశోధకులే అదే మార్పును, అదే స్థానమున, రెటినైటిస్ పిగ్మెంటోజా సోకిన బంగ్లాదేశీయుడైన ఒక రోగియందును కనుగొనిరి. శునకమునకును మనుష్యునకును చూపు విషయమున ఉన్న చుట్టరికము ఇంతకంటె స్పష్టముగా ఎవరు నిరూపింపగలరు?

ఇప్పుడు మాదిరి తీయుట సులభము. చిన్న కుంచెతో కుక్క దవడ లోపలిభాగమును కొన్ని క్షణములు రుద్ది, ఆరబెట్టి, కవరులో నుంచి పరీక్షాశాలకు పంపినచో చాలును. ఎనిమిది వారముల పిల్లకైనను ఫలితము చెప్పవచ్చును, ఆ ఫలితము జీవితాంతము మారదు. ఇట్టి సౌలభ్యమును చూచి పెంపకందార్లు 'మా కుక్క పి.ఆర్.ఎ. క్లియర్' అని ప్రకటించుకొనుట మొదలుపెట్టిరి. ఈ మాటను కొనువారు జాగ్రత్తగా పరిశీలింపవలెను. పరీక్ష చెప్పునది తాను వెదకిన ఒక్క మార్పును గూర్చియే. గోల్డెన్ రిట్రీవరు జాతిలో ఇదే రోగమునకు వేర్వేరు మూడు జన్యుదోషములు కారణములని తేలినది: ఒకటి పైన చెప్పిన పి.ఆర్.సి.డి., రెండవది 2011లోను మూడవది 2014లోను దొరకినవి. ఒకదానిలో నిర్దోషియైనది మరియొకదానిలో రోగి కావచ్చును. అన్ని రకములును అంతర్గతములు కావు. మాస్టిఫ్ జాతిలో ఒక్క దోషజన్యువుతోనే రోగము వచ్చు బహిర్గతరూపమును, సైబీరియన్ హస్కీలో తల్లినుండి కొడుకులకు దిగు రూపమును కలవు. పొడవు వెండ్రుకల చిన్న డాక్సుండులలో 2006లో కనుగొనబడిన దోషము మరియొక పాఠము నేర్పెను: రెండు దోషజన్యువులు గల కుక్కలు కొన్ని చిన్ననాటనే గ్రుడ్డివి కాగా, మరికొన్ని ముసలితనమువరకు చూపుతో తిరిగినవి, తరువాతి పరిశోధనలో, వేరొక జన్యువు ఆ రోగపు వేగమును మార్చుచున్నదని తెలిసినది. జన్యుఫలితమును జాతకచక్రమువలె చదువరాదని దీని తాత్పర్యము. కాగా, జన్యుమూలము ఇంకను దొరకని శుక్లములు అనేకజాతులలో కలవు. వానికి నేటికిని వైద్యుని దీపమే దిక్కు. కనుక జన్యుపరీక్ష వచ్చినది గదా యని ఏటేట చేయించు నేత్రపరీక్షను మానుట తగదు. రెండును ఒకదానికొకటి తోడు.

ఇక ఈ సమీక్షలో నాకు ముఖ్యమని తోచిన ఘట్టమునకు వచ్చుచున్నాను. దోషజన్యువును గుర్తింపగలిగిన వెంటనే మనుష్యునకు పుట్టు మొదటి కోరిక, దానిని మోయు ప్రతి కుక్కను వంశమునుండి వెలివేయుట. వినుటకు ఇది నిజాయితీగా తోచును. పరిణామమున ఇది ప్రమాదకరము. ఆఫ్రికా నుండి వచ్చిన బసెంజీ జాతి చరిత్ర ఇందులకు సాక్ష్యము. పరదేశములలో కొలదిపాటి కుక్కలనుండి వృద్ధియైన ఆ జాతిలో ఒక రక్తహీనతావ్యాధి ప్రబలగా, 1970 ప్రాంతములలో వాహకములను కనిపెట్టు పరీక్ష వచ్చెను. పెంపకందార్లు వాహకములనెల్ల ఏరివేసిరి. రక్తహీనత తగ్గినది, కాని మిగిలిన కొలది వంశములలో దాగియుండిన మూత్రపిండముల ఫాంకోనీ వ్యాధియు, దృష్టిపటల క్షయమును ఆ జాతిని పట్టి పీడించినవి. తుదకు ఆఫ్రికా అడవిగ్రామములకు పోయి క్రొత్త కుక్కలను తెచ్చుకొనవలసి వచ్చెను. 1990లో అమెరికా కెనెల్ క్లబ్బు తన వంశావళి పుస్తకపు తలుపులను వానికొఱకు తెఱచెను. పెద్దగట్టు కాపరి పొట్టేలును మార్చుటయు, ఈ విద్వాంసులు ఆఫ్రికా ప్రయాణము చేయుటయు ఒకే విజ్ఞానము. మొదటిది చౌక.

శుద్ధజాతుల సంకోచము ఎంతటిదో 2008లో ప్రచురింపబడిన ఒక బ్రిటిషు అధ్యయనము చూపినది. అచ్చటి కెనెల్ క్లబ్బు నమోదు పుస్తకములనుండి పది జాతులను పరిశీలింపగా, వేలకొలది కుక్కలున్న జాతులలో సైతము, వంశవైవిధ్యము దృష్ట్యా లెక్కకువచ్చునవి రెండు జాతులు మినహా అన్నింటిలోను నలుబది మొదలు ఎనుబది వరకు మాత్రమే. దీనికి ప్రధానకారణము పతకములు గెలిచిన మగకుక్క. ప్రదర్శనలో ఒకటి గెలిచినదనగా ఊరూరి ఆడకుక్కలన్నియు దాని యొద్దకే పోవును. దాని యందు దాగియున్న దోషము, దాని వంటి తోకతోను తలతోను పాటు, వందలాది పిల్లలకు పంచబడును. ఆ పిల్లలు మరల ఒకదానికొకటి జతపడినప్పుడు, అనగా మూడవ తరమున, దోషము బయటికి వచ్చును. నా అభిప్రాయమున, గ్రుడ్డితనమును వ్యాపింపజేయుటలో వాహకముకంటె ఈ విజేత అపరాధమే పెద్దది. అది వాహకమైనచో చెప్పనక్కరలేదు.

భారతారంభమున జనమేజయుని యజ్ఞశాలలో ఏ తప్పును చేయని కుక్కపిల్లను రాకుమారులు కొట్టగా, దాని తల్లి సరమ వచ్చి న్యాయమడిగి, అనుకోని భయము మీకు కలుగునని శపించిన కథ తెలుగువారికి పరిచితమే. వాహకమును దండించువారికి బసెంజీ జాతిలో తగిలినది అట్టి శాపమే. వాహకము మంచి ఒడ్డు పొడుగులతో, మంచి గుణముతో, ఇతర రోగములు లేకయున్నచో దానిని పరీక్షించిన నిర్దోషితో జతపరచి, పిల్లలను పరీక్షించి, వానిలోని నిర్దోషులను తరువాతి తరమునకు నిలుపుకొనుట విజ్ఞుల మార్గము. దోషము మెల్లగా తగ్గును, వంశము తరగదు. ఈ ఓర్పు ఫలించుననుటకు నిదర్శనము కలదు: బ్రిటనులో ఎనిమిది జాతులలోని ఎనిమిది రోగములపై 2019లో ప్రకటింపబడిన పరిశీలనలో, పరీక్ష అందుబాటులోనికి వచ్చిన ఎనిమిది పదేండ్లకు దోషజన్యువుల ప్రమాణము సుమారు 90 శాతము పడిపోయినట్లు కనబడెను. ఎవరును నిర్బంధింపకయే పెంపకందార్లు తమంతట తాము సాధించిన ఫలితమిది. పరీక్షలపై నిరాశ వలదనుటకే దీనిని చెప్పితిని.

పగ్గును గూర్చి ఒక మాట. ఇరువదేండ్ల క్రిందటి టెలిఫోను ప్రకటనతో ఊరూరికి పరిచయమై, నేటికిని మనవారిచే 'హచ్ కుక్క' యని పిలువబడుచున్న ఈ చిన్నజంతువు కంటి బాధ జన్యుపరీక్షకు అందునది కాదు. చప్పిడి ముఖము, లోతులేని కంటిగుంట, బయటికి పొడుచుకొనివచ్చిన గ్రుడ్డు, ముక్కుపై మడతలలోని వెండ్రుకలు కంటిని రాచుకొనుట, రెప్పలు పూర్తిగా మూతపడకపోవుట — వీని వలన దాని శుక్లపటలము ఎండి, పుండుపడి, నల్లబారును. ఇది దాగియున్న దోషము గాదు. మనము ముద్దుపడి కోరి తెచ్చుకొన్న అందమే ఆ దోషము. మూతి పొడవుగా నున్న తల్లిదండ్రులను ఎన్నుకొనుట దప్ప దీనికి వేరు మందు లేదు.

మన దేశపు పరిస్థితిని చూడబోయినచో, 2017లో కేంద్రప్రభుత్వము జంతుహింసా నివారణ చట్టము క్రింద కుక్కల పెంపకమునకును అమ్మకమునకును నియమములు చేసెను. పెంపకందారుడు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో నమోదు కావలెను; పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జతకట్టింపరాదు; దాని జీవితమున ఐదు ఈతలకు మించరాదు; ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. జతకు ముందు పశువైద్యుడు ఆరోగ్యధ్రువపత్రమును ఈయవలెను. మంచిదే. కాని రెండేండ్ల లాబ్రడార్ కన్ను ఎంతటి వైద్యునికైనను నిర్దోషముగానే కనబడునని పైన చూచితిమి గదా. ఇక కొనువాడు ఏమి అడుగుచున్నాడు? 'కె.సి.ఐ. పేపర్లు ఉన్నాయా? డబుల్ బోనేనా? తండ్రి ఛాంపియనా?' ఈ మూడు ప్రశ్నలతో బేరము ముగియును. కెనెల్ క్లబ్బు కాగితము తాతముత్తాతల పేర్లు చెప్పును. వారిలో ఎవరి చూపు ఏ వయస్సున మసకబారెనో చెప్పదు. పైగా ఒకే పేరు ఆ పత్రములో తల్లివైపునను తండ్రివైపునను కనబడినపుడు కొనువాడు సంతోషపడును. కాపరియైనచో అచ్చటనే లేచిపోవును.

గ్రుడ్డిదైన ప్రతి కుక్కకును వంశదోషము అంటగట్టుటయు పొరపాటే. మన ఎండలలో, మన గడ్డినేలలలో, గోమార్లవలన వచ్చు ఎర్లికియా జ్వరము కంటిలోపల వాపును రక్తస్రావమును కలిగించి చూపు తీయగలదు. మధుమేహము వలన కొలది వారములలోనే రెండు కన్నులకును శుక్లము కమ్మవచ్చును. జర్మన్ షెపర్డులకు నల్లగ్రుడ్డుపై ఎఱ్ఱని పొర క్రమ్ముకొను పానస్ అను వ్యాధి వంశసిద్ధమైనను, తీక్షణమైన ఎండ దానిని పెంచును. మందుచుక్కలతో దానిని అదుపులో నుంచవచ్చును. కారణము తేల్చుకొనకమునుపే వంశమును నిందించినచో, చికిత్స గల రోగము సైతము చేయిదాటిపోవును.

మరి వీధికుక్కయో, కాపరి వెంట మందను కాయు ఊరకుక్కయో ఈ బాధలకు అతీతమా? లక్షకు పైగా కుక్కలలో 152 రోగదోషములను వెదకి 2018లో ప్రకటించిన అధ్యయనము చక్కని సమాధానమిచ్చినది. ఐదింట రెండు కుక్కలు ఏదో యొక దోషమును మోయుచునే యున్నవి. సంకరజాతులు ఇందుకు మినహాయింపు కావు. కాని రెండు దోషములు కలిసి రోగమునకు గురికాగలవి సంకరజాతులలో నూటికి రెండు, శుద్ధజాతులలో నూటికి ఐదు. దోషము అందరియందును కలదు. దోషము దోషమును కలిసికొను అవకాశమును మాత్రము మనము శుద్ధి పేరిట పెంచుచున్నాము.

ఈ వాక్యము కుక్కల సరిహద్దులో ఆగునది కాదు. కేరళము తప్ప దక్షిణదేశమంతటను మేనరికములు వాడుక. పుట్టుకతో వచ్చు నీటికాసులు పాశ్చాత్యదేశములలో పదివేల జననములకొకటియో అంతకంటె తక్కువయో కాగా, ఆంధ్రప్రదేశమున 3,300 జననములకొకటి యని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పరిశోధకులు 1998లో లెక్కగట్టిరి, సి.వై.పి.1బి1 అను జన్యుదోషము అందులకొక ముఖ్యకారణమని పిదప హైదరాబాదు పరిశోధనలే చూపినవి. హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్ మొదలగువారు 2017లో ప్రకటించిన పరిశోధనలో, దక్షిణాసియాలోని 263 సముదాయములలో 81 కొలదిమంది పూర్వులనుండి పుట్టి లోలోపలనే పెండ్లియాడుచు వచ్చినవనియు, వానియందు అంతర్గతరోగముల అపాయము హెచ్చనియు తేలినది. అయినను పోలికను ఇంతటితో నిలుపవలెను. మనుష్యులకు చెప్పదగినది సలహా మాత్రమే. ఎవరిని వరించుటయో వారి ఇష్టము. కుక్కకు ఆ ఇష్టమును లేకుండ చేసినవారము మనము గనుక, పర్యవసానమునకును మనమే బాధ్యులము.

కుక్కకు మనము తీర్పవలసిన ఋణమును కలదు. బ్రియార్డ్ జాతిలో పుట్టుకతో వచ్చు అంధత్వమునకు మూలము ఆర్.పి.ఇ.65 జన్యువులోని లోపమని 1998లో తెలిసిన పిమ్మట, 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆ కుక్కల కంటిలోపలికి మంచి జన్యువును చేర్చి చూపు తెప్పించిరి. వానిలో లాన్సెలాట్ అను కుక్క శాసనసభ్యుల యెదుట సైతము నిలిచి ప్రసిద్ధికెక్కినది. అదే మార్గమున సాగిన చికిత్స 2017 డిసెంబరులో లక్స్‌టర్నా యను పేరుతో మనుష్యులకు అనుమతింపబడెను. రెండు కన్నులకు కలిపి అప్పట్లో దాని ధర ఎనిమిదిన్నర లక్షల డాలర్లుగా నుండెను. కుక్క వలన మనుష్యునికి చూపు దొరకినది. మనుష్యుని వలన కుక్కకు దొరకవలసినది కొంత వివేకము.

మన ప్రాంతమునకు అక్కరకువచ్చు పని యేదని ఎవరైన అడిగినచో, నేను కోరునవి చిన్నవే. లాబ్రడార్ పిల్లను కొనగోరువారు తల్లిదండ్రులలో కనీసము ఒకదానికైనను పి.ఆర్.సి.డి. పరీక్షాఫలితమును, ఇద్దరికిని ఆ యేటి నేత్రపరీక్షను అడిగి, కాగితమును కన్నులార చూడుడు. ఒకటి నిర్దోషియైనచో ఈ రోగముతో పిల్ల గ్రుడ్డిది కాదు. పెంపకందార్లు తమ కుక్క వాహకమని తేలినపుడు దానిని దాచవద్దు, గొంతు నులుమవద్దు. నిర్దోషితో జతపరచి ఆ సంగతి చెప్పి అమ్ముడు. ఒకే విజేత కుక్కకు ఒక జిల్లాలోని ఆడకుక్కలనెల్ల తోలుకొనిపోవద్దు. రాజేంద్రనగరులోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయము, రాష్ట్రములోని పెంపుడుకుక్కల నేత్రపరీక్షా ఫలితములను జాతివారిగా నమోదుచేసి ఎల్లరకును తెఱచియుంచు ఒక పట్టికను ప్రారంభించినచో, సూర్యాపేటలోని కొనుగోలుదారుడు బేరమాడుటకు ముందే తాత కన్ను ఎట్టిదో తెలిసికొనగలడు. ఆ పట్టిక ప్రారంభమగుటకు ఏ క్రొత్త చట్టమును అక్కరలేదు.